మిల్లు దగ్గర మలుపు

"వాడు మళ్ళీ ఆ బండి ఎక్కితే ఈసారి ఇంటికి మనిషి రాడే అమ్మాయ్. కబురొస్తుంది, అంతే."

ఒర్తాన్స్ ఆ మాట పొయ్యి వైపు తిరిగి అంది. కుండలో గొడ్డుమాంసం ఇంకా తెర్లలేదు. బల్ల దగ్గర కూచుని క్యారెట్లు గీరుతున్న కోడలు నోయెలీ తల ఎత్తలేదు.

"పొద్దుట్నించి ఇదే మాట ఎన్నిసార్లంటారు అత్తయ్యా?"

"మొదటిసారే విని ఉంటే రెండోసారి అనేదాన్ని కాదు."

"విన్నాను. విని ఏం చేయను? వెళ్ళి ఆయన కాళ్ళకి అడ్డం పడనా? పెళ్ళైన కొత్తలో అదీ చేశాను. నా పక్కనుంచి దాటుకుని వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ, జలుబు చేస్తుంది నేల మీంచి లే అన్నారు."

ఆదివారం. చర్చిలో పూజ అయిపోయి జనం ఇళ్ళకు మళ్ళుతున్నారు. ఈ ఇంట్లోంచి ఎవరూ వెళ్ళలేదు. వెళితే గుమ్మంలోనే పదిమంది పట్టుకుంటారు. మీ వాడు కులాసానా, పక్కన కూచున్న కుర్రాడి చెయ్యి ఎలా ఉంది, ఇంతకీ తప్పెవరిది?

తప్పెవరిదో ఈ మధ్యాహ్నం తేలాలి. కంపెనీ నుంచి దెకూర్ గారు భోజనానికి వస్తున్నారు. వాల్బ్రన్ కంపెనీ పందెం మోటారు బండ్లన్నీ ఆయన చేతి కిందే. ఏ బండి ఎవరు నడపాలో, ఎవరి పక్కన ఎవరు కూచోవాలో చెప్పేది ఆయనే.

ఒర్తాన్స్ కొడుకు బాజీల్ ఆ కంపెనీ డ్రైవరు. నోయెలీ తమ్ముడు రెమీ అతని మెకానిక్. లిమోజ్ పందెంలో వాళ్ళ బండి ఒక మలుపులో తిరగకుండా తిన్నగా పోయి మిల్లు గోడకు కొట్టుకుంది. బాజీల్‌కి నుదుటి మీద చిన్న గీత పడింది. రెమీకి తొడ ఎముక విరిగింది, కుడిచేతి వేళ్ళు రెండు తీసేశారు. వంటింటి పక్కన, ఒర్తాన్స్ ఇస్త్రీ బల్ల వేసుకునే గదిలోనే అతనికి మంచం వేశారు.

తిరిగొచ్చిన దగ్గర్నుంచి బాజీల్ ఇంట్లో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. రొట్టె ఇలా ఇయ్యి, తలుపు వెయ్యి, అంతే. రెమీ మాత్రం పాలమ్మాయి నుంచి డాక్టరు దాకా గుమ్మం తొక్కిన ప్రతివాళ్ళకీ ఒకటే చెప్పాడు: "తప్పు నాదే. తట్టడం మర్చిపోయాను."

నోయెలీ క్యారెట్టు గిన్నెలో పడేసింది.

"మీ అబ్బాయి నోరు విప్పడు. మా తమ్ముడు నోరు మూయడు. ఇంట్లో ఉన్నది ఇద్దరు మగాళ్ళు. ఇద్దరూ ఇద్దరే."

ఆ తట్టడం సంగతి ఈ వీధిలో చంటిపిల్లలకి కూడా తెలుసు. పందెం బండిలో ఇద్దరు ఉంటారు. డ్రైవరు ముందుకే చూస్తాడు, వెనక్కి తిరగడు. ఇంజను రొదలో ఎంత అరిచినా మాట వినపడదు. కాబట్టి పక్కన కాళ్ళ దగ్గరగా కూచునే మెకానిక్ చేత్తోనే మాట్లాడాలి. కోటు అంచు లాగితే వెనక బండి వస్తోందని. భుజం మీద తడితే ముందు ఏదో ఉంది, తగ్గించమని. మిగతా సమయమంతా ఇంజనుకి నూనె కొడుతూ ఉండాలి.

బండి పడిపోతే కంపెనీలో ఒక ఆనవాయితీ ఉంది. విచారణలు ఉండవు. ఆ దుమ్ములో సాక్షులెక్కడి నుంచి వస్తారు? కంపెనీ పెద్ద, డ్రైవరు ఇంటికొచ్చి, అతని బల్ల దగ్గర అన్నం తిని, కాఫీ తాగేటప్పుడు ఒకే ఒక్క మాట అడుగుతాడు: నీ మనిషి తట్టాడా? లేదంటే తప్పు మెకానిక్‌ది. అతనికి ఇక ఏ బండిలోనూ చోటుండదు, ఏ కార్ఖానా వాళ్ళూ గుమ్మం ఎక్కనివ్వరు. తట్టాడంటే తప్పు డ్రైవరుది. అతని సీటు ఇంకొకడికి పోతుంది.

తట్టాడని చెప్పిన డ్రైవరు ఉన్నట్టు ఒర్తాన్స్ ఎన్నడూ వినలేదు.

"చెయ్యి పోయింది," అంది నోయెలీ. "పేరు కూడా పోవాలా వాడికి?"

"పోకూడదు."

"ఆ మాట మీరంటున్నారా?"

"ఏం, నేననకూడదా? నీ తమ్ముడు తట్టాడు. నాకు తెలుసు."

నోయెలీ చేతిలో కత్తి ఆగిపోయింది.

"వాడు చెప్పాడా మీతో?"

"వాడెందుకు చెప్తాడు? నీ మొగుడి భుజం చెప్పింది. వచ్చిన రోజు కర్పూరం నూనె రాయమని చొక్కా విప్పాడు చూడు, అప్పుడు. ఎడమ భుజం మీద నల్లగా కమిలి ఉంది. వేళ్ళ అచ్చులు దిగాయి. గోడకి కొట్టుకుంటే అలా ఉండదు. ఇన్నేళ్ళు పదిమంది బట్టలు ఇస్త్రీ చేశాను, ఏ ముడత దేనివల్ల పడిందో నేను చెప్పగలను."

"అది చూసి ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నారా!"

"అరవకు. పక్క గదిలో వింటాడు."

"విననీ!" అంది గానీ నోయెలీ గొంతు తగ్గించింది. "నేను రాత్రుళ్ళు గోడకేసి చూస్తూ పడుకున్నాను అత్తయ్యా. వాడు నిజంగానే మర్చిపోయాడేమో, నా తమ్ముడి వల్లే నా మొగుడు చావబోయాడేమో అని. మీరేమో తెలిసి కూడా క్యారెట్లు గీరమన్నారు."

"నీతో చెబితే నువ్వు వాడితో పోట్లాడతావు. పోట్లాడితే వాడు మొండికేస్తాడు. వాళ్ళ నాన్న పోలిక. అందుకే చెప్పలేదు. ఇవాళ దెకూర్ గారి ముందు చెప్తాను."

"చెబితే ఆయన సీటు పోతుంది."

"పోతుంది."

"పోనివ్వడానికేనా చెప్పేది?"

ఒర్తాన్స్ కుండ మీద మూత సర్దింది. కోడలు లేచి ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది.

"అంటే మా తమ్ముడి మీద జాలితో కాదన్నమాట."

"జాలి కూడా ఉంది. ఉన్నదంతా పళ్ళెంలో పెట్టి చూపించనా నీకు?"

బాజీల్ పంతొమ్మిదో ఏట మొదటిసారి సైకిలు పందెంలో గెలిచాడు. ఆ రాత్రి ఒర్తాన్స్ సైకిలు చక్రం ఒకటి విప్పి మంచం కింద దాచింది. పక్కింటివాడి చక్రం అరువు తెచ్చుకుని మర్నాడు కూడా వెళ్ళాడు. తర్వాత మూడు చక్రాల మోటారు వచ్చింది. అది కాలి పిక్క కాల్చింది. తర్వాత ఈ బండ్లు. లియాన్ పందెంలో మూడోవాడిగా వచ్చాడు. మరుసటేడు రువాన్‌లో మొదటివాడు. పేపర్లో బొమ్మ వేశారు. వీధి చివర మంగలి ఆ బొమ్మ అద్దానికి అతికించి, వచ్చినవాళ్ళందరికీ బాజీల్ మీసమే దిద్దాడు. జనం ఇంటి ముందుకొచ్చి చప్పట్లు కొడుతుంటే ఒర్తాన్స్ లోపల కూచుని, ఇంతకన్నా మంచి రోజు రాదు, ఇంక రాబోయేదంతా చెడ్డదే అనుకుంది. పందెం జరిగే ప్రతి రోజూ ఆమె చావుకి కట్టుకునే నల్లచీటీ గుడ్డ ఏ పెట్టెలో ఉందో చూసి పెట్టుకునేది. కావలసినప్పుడు వెతుక్కోవడం కూడా ఒక బాధ కదా అని.

"సీటు పోతే ఆయన బతికి ఉంటారనుకుంటున్నారా?" అంది నోయెలీ. "ఏం చేస్తారు? ఏ బ్యాంకు యజమాని పెళ్ళాన్నో షికారు తిప్పుతారా? ఆవిడ ఒళ్ళో కుక్కపిల్లని పెట్టుకుని మెల్లగా పోనియ్యి అంటే టోపీ తీసి చిత్తమంటారా?"

"తిప్పనీ. చిత్తమననీ. కుక్కపిల్ల అరిస్తే బండి ఆపుతాడు. గోడకి కొట్టడు."

"మీకు ఆయన కావాలా, ఆయన ఊపిరి కావాలా?"

"ముందు ఊపిరి ఉండనీవే. మిగతాది తర్వాత చూసుకుందాం."

కుండ తెర్లడం మొదలైంది. ఒర్తాన్స్ గరిటెతో పైన తేలిన నురగ తీసేసి, ఒక గిన్నెలో ఇంత సూపు పోసి పక్క గదిలోకి తీసుకెళ్ళింది.

రెమీ మేలుకునే ఉన్నాడు. దిండుకి ఆనుకుని కూచున్నాడు. కుడిచెయ్యి గుడ్డల్లో ఇంత లావు ఉంది.

"ఏం సూపు అత్తయ్యా?"

"నిన్నటిది కాదు. తాగు."

చెంచా ఎడమచేత్తో తీసుకున్నాడు. సగం గడ్డం మీద పడింది.

"ముక్కు ఎక్కడుందో కనిపెట్టాను," అన్నాడు. "నోరు ఆ చుట్టుపక్కలే ఉండాలి."

ఆమె నవ్వలేదు. చెంచా లాక్కుని తానే పట్టింది. నాలుగు చెంచాలు మింగాక అడిగింది.

"మిల్లు దగ్గర మలుపు నీకు తెలీదుట్రా?"

రెమీ మింగడం ఆపాడు.

"తెలుసు. ఆ టైముకి మర్చిపోయాను."

పందేనికి ముందు రెమీ సైకిలు మీద ఆ దారంతా వెళ్ళి చూసొచ్చాడు. తిరిగొచ్చాక రోజూ ఈ గదిలోనే, ఒర్తాన్స్ ఇస్త్రీ చేస్తుంటే బల్ల అంచు మీద కూచుని, మలుపులన్నీ జపంలా చదివేవాడు. వంతెన దాటాక గుంట. చర్చి ఎదురుగా రాళ్ళు. మిల్లు దగ్గర చెట్లు తిన్నగా పోతాయి, రోడ్డు ఎడమకి పోతుంది.

చెట్లే అక్కడ అసలు ప్రమాదం. ముందు బండి లేపిన దుమ్ములో రోడ్డు మాట దేవుడెరుగు, సొంత బండి చక్రాలు కూడా కనిపించవు. పైన రోడ్డుకి రెండువైపులా ఉన్న పొడుగాటి పోప్లార్ చెట్ల కొసలు మాత్రం కనిపిస్తాయి. ఆ రెండు వరుసల మధ్య ఆకాశం సందు చూసుకుని, దాని కిందే రోడ్డు ఉంటుందని బండి వదులుతారు. డ్రైవర్లందరూ చేసేది అదే. చెట్లు రోడ్డుని వదలనంత సేపూ బాగానే ఉంటుంది. మిల్లు దగ్గర చెట్ల వరుస పాత దారి వెంట మిల్లులోకి పోయింది. కొత్త రోడ్డు పక్కకి తిరిగింది. దానికి చెట్లు లేవు.

"నేను కాలరు ఇస్త్రీ చేస్తూ వింటేనే నాకు నోటికొచ్చింది," అంది ఒర్తాన్స్. "నువ్వు మర్చిపోయావా?"

"మర్చిపోకూడదా?"

"వాడి భుజం నేను చూశాను అబ్బాయ్."

రెమీ ముఖంలో వేళాకోళం పోయింది. తలుపు వైపు చూశాడు.

"అత్తయ్యా, మీ కాళ్ళకి దండం పెడతాను. ఆ సంగతి దెకూర్ గారి ముందు ఎత్తకండి."

"ఎందుకెత్తకూడదు? నీ బతుకు ఏమవుతుందో ఆలోచించావా?"

"నా బతుక్కేం? ఎడమచెయ్యి ఉంది. మా ఊరెళ్ళి కోళ్ళు పెంచుకుంటాను. కోళ్ళు చెయ్యి చూడవు, గింజలు చూస్తాయి."

"బావ కోసం చెప్తున్నావు అబద్ధం."

"బావ కోసం కొంచెం."

"మిగతాది?"

రెమీ దుప్పటి అంచు సర్దుకున్నాడు.

"మిగతాది ఎవరి కోసంరా?"

"మీ మంచికే చెప్తున్నాను, అడక్కండి."

"నా మంచి నా కొడుకు ఆ సీటు దిగడంలో ఉంది."

"దాని గురించి కాదండీ," అని రెమీ గోడవైపు తల తిప్పుకున్నాడు. "సూపు చాలు."

కుర్రతనం అనుకుంది ఒర్తాన్స్. బావ బండి నడుపుతుంటే పక్కన కూచోవడం కోసం పెళ్ళి సంబంధం కూడా వద్దన్నవాడు. ఆ పిచ్చిలో ఇప్పుడు బతుకు కూడా ఇచ్చేస్తున్నాడు. ఆమె గిన్నె తీసుకుని లేచింది. జాలి వేసింది. మనసు మాత్రం మార్చుకోలేదు.

పెరటి షెడ్డులో బాజీల్ ఒక పీపా మీద కూచుని ఉన్నాడు. చేతిలో ఆకురాయి ఉంది. ఎదురుగా బిగించిన ఇనుపముక్క మీద అరిగిన గుర్తేమీ లేదు.

"ఆయన వచ్చే వేళయింది. చొక్కా మార్చుకో. ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేశాను."

"ఊఁ."

"ఏం చెప్తావు ఆయనతో?"

బాజీల్ ఆమె వైపు చూశాడు. తల్లికి అతని చూపులన్నీ తెలుసు. చిన్నప్పుడు పాలగిన్నె ఒలకబోసి చూసిన చూపు, తండ్రి శవపేటిక దింపుతుంటే చూసిన చూపు, పందేనికి బయల్దేరేటప్పుడు అసలు చూడకుండా చూసే చూపు. ఇది వాటిలో లేదు. కోపం లేదు ఇందులో. ఆమె ఏదో దెబ్బ తిని పడి ఉన్నట్టూ, ఆ సంగతి ఆమెకే తెలియనట్టూ చూశాడు.

"నన్నలా చూడకు," అంది. "చొక్కా మార్చుకో."

దెకూర్ గారి బండి వీధి మలుపు తిరిగినప్పుడే వినపడింది. కుక్కలన్నీ ఒక్కసారి లేచాయి. ఆయన గుమ్మంలో చేతి తొడుగులు విప్పి, ఒర్తాన్స్‌కి వంగి నమస్కరించి, రోగిని చూస్తానని ముందు రెమీ గదిలోకి వెళ్ళాడు. "ఎలా ఉన్నావోయ్" అన్న మాట, "రాజాలా ఉన్నానండి" అన్న జవాబు వినిపించాయి. వెంటనే బయటికొచ్చాడు. మర్యాద తెలిసిన మనిషి. ఎవరి దగ్గరా ఉండాల్సినదానికన్నా ఎక్కువసేపు ఉండడు.

భోజనాల దగ్గర ఆయనే మాట్లాడాడు.

"మాంసం వెన్నలా ఉంది మదాం. మా ఇంట్లో వంటమనిషికి ఈ ఓపిక లేదు."

"పొయ్యి మీద పెట్టి మర్చిపోవాలండీ, అంతే," అంది ఒర్తాన్స్.

"బాజీల్, వచ్చే నెల కొండదారి పందేనికి కొత్త బండి తయారైంది. పాతదాని కన్నా బరువు తక్కువ. పట్టు తప్పకుండా పోతుంది."

బాజీల్ రొట్టె తుంచాడు.

"నీ పక్కకి కుర్రాణ్ణి కూడా చూశాను. నాంత్ ఊరివాడు. కొంచెం నత్తి. మన పనికి మాటెందుకు, చెయ్యి మంచిదైతే చాలు."

నోయెలీ ఉప్పు గిన్నె కొంచెం గట్టిగా బల్ల మీద పెట్టింది. దెకూర్ గారు అది తన కోసమే పెట్టిందనుకుని కాబోలు కృతజ్ఞతలు చెప్పి, కొంచెం వేసుకున్నాడు.

జున్ను అయింది. నోయెలీ కాఫీ తెచ్చింది. ఆయన చేతిగుడ్డ మడిచి పళ్ళెం పక్కన పెట్టాడు. ఆ మడత చూడగానే ఒర్తాన్స్‌కి అర్థమైంది, ఇక అడుగుతాడు.

"సరే బాజీల్," అన్నాడు ఆయన. "అడగవలసింది అడగాలి. నీ మనిషి తట్టాడా?"

"తట్టలేదండీ!" పక్క గదిలోంచి రెమీ కేక వేశాడు. "చెప్పాను కదండీ, మర్చిపోయాను!"

"అడిగింది నిన్ను కాదబ్బాయ్."

బాజీల్ కప్పులోకి చూస్తూ కూచున్నాడు. నోయెలీ మొగుణ్ణి చూడలేదు, అత్తగారిని చూసింది. ఒర్తాన్స్ రెండు చేతులూ బల్ల మీద పెట్టి లేచి నిలబడింది. లేవాల్సిన పని లేదు.

"తట్టాడండీ. వీడి ఎడమ భుజం మీద అచ్చులు నేను నా కళ్ళతో చూశాను. నూనె రాసింది నేనే. ఆ కుర్రాడు అబద్ధం చెప్తున్నాడు, వీడు చెప్పనిస్తున్నాడు."

దెకూర్ గారు ఆమె వైపు తిరిగాడు.

"మదాం, ఇలాంటి బల్లల దగ్గర చాలాసార్లు కూచున్నాను. కొడుకు మీద తల్లి చెప్పడం మాత్రం ఇదే వినడం."

"అడిగితే వినేవారేలెండి. తల్లుల్ని మీరెప్పుడూ అడిగి ఉండరు."

"ఏం చెప్తున్నారో తెలిసే చెప్తున్నారా? ఇది నిజమైతే బాజీల్ ఇక నా బండి నడపడు."

"తెలుసు."

"నాకు చెల్లేది డ్రైవరు మాటే. అదీ తెలుసుకదా?" ఆయన బాజీల్ వైపు తిరిగాడు. "ఏమయ్యా?"

"తట్టాడు," అన్నాడు బాజీల్.

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. పక్క గదిలో మంచం కిర్రుమంది.

"నీకు తగిలిందా?"

"తగిలింది."

దెకూర్ గారు తల ఊపాడు. ఇంకేమీ అడగలేదు. ఆనవాయితీలో ఇంకో ప్రశ్న లేదు. "రెమీకి కార్ఖానాలో ఏదో ఒక పని చూస్తాను," అన్నాడు నోయెలీతో. "అతని పేరుకి మచ్చ లేదు." టోపీ కోసం కుర్చీ వెనక్కి చెయ్యి చాపాడు.

ఒర్తాన్స్ కూచుంది. ఏళ్ళ తరబడి గుండెల మీద ఉన్న బరువు ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టుంది. అయిపోయింది. సైకిలు, మూడు చక్రాలు, నాలుగు చక్రాలు, అన్నీ అయిపోయాయి. ఇక కొడుకు తిడతాడు, అలుగుతాడు, నెలల తరబడి మాట్లాడడు. బతికి ఉన్నవాళ్ళు చేసే పనులే అవన్నీ. చేయనీ.

నోయెలీ మాత్రం ఊరుకోలేదు. తమ్ముడి పేరు నిలబడింది. అది చాలలేదు ఆమెకి.

"తగిలిందంటున్నారు," అంది మొగుడితో. "వాడు తట్టాడు, మీకు తెలిసింది. మరి ఎందుకు తగ్గించలేదు? వాడి వేళ్ళు ఎందుకు పోయాయి? నాకు చెప్పండి."

బాజీల్ బల్ల మీది రొట్టె పొడి చేత్తో తుడిచాడు.

"అక్కా, వదిలెయ్!" రెమీ గొంతు మారిపోయింది. "అయిపోయింది కదే, వదిలెయ్! బావా, చెప్పకు! నీకు పుణ్యముంటుంది, చెప్పకు!"

"చెప్పకపోవడానికేముంది ఇందులో?" అంది ఒర్తాన్స్. ధైర్యం వచ్చింది ఆమెకి. కొడుకు ఇక ఎక్కడికీ పోడు. ఇప్పుడు మెత్తగా అడగొచ్చు. "చెట్లు చూసి మోసపోయావు, అంతేగా? ఎవరైనా మోసపోతారు. చెప్పు నాన్నా. వాడు తట్టినా ఎందుకు ఆగలేదు?"

బాజీల్ కప్పు పక్కకి జరిపాడు. మళ్ళీ దగ్గరికి తీసుకున్నాడు. వీధి అవతల నదిలో ఏదో పడవ కూత పెట్టింది. దెకూర్ గారు టోపీ మోకాలి మీద పెట్టుకుని లేవకుండా ఉండిపోయాడు. నోయెలీ కాఫీ కూజా పట్టుకుని నిలబడే ఉంది. చెయ్యి నొప్పి పుట్టింది కాబోలు, ఇంకో చేతిలోకి మార్చుకుంది. పక్క గదిలో రెమీ ఇక అరవలేదు. కాఫీల మీద మీగడ కట్టింది.

బాజీల్ తల ఎత్తి తల్లిని చూశాడు. షెడ్డులో చూసిన చూపే.

"దారి పొడుగునా తడుతూనే ఉన్నాడు," అన్నాడు. "ముందేమీ లేకపోయినా తట్టాడు. ఖాళీ రోడ్డు, మలుపు లేదు, గుంట లేదు, అయినా బండి జోరందుకుంటే చాలు, తట్టాడు. తగ్గించాను. చూస్తే ఏమీ లేదు. మళ్ళీ తట్టాడు. ఓర్లెయాన్‌లో నీళ్ళకి ఆగినప్పుడు చొక్కా పట్టుకుని అడిగాను, ఏమిట్రా ఇది అని. చెప్పనన్నాడు. తర్వాత చెప్పాడు. బయల్దేరే ముందు నువ్వు వాడి చేత ఒట్టు వేయించుకున్నావట. మా వాడు మరీ వేగంగా పోతే భుజం మీద చెయ్యెయ్యి నాయనా, అన్నావట."

ఒర్తాన్స్ తన చెయ్యి బల్ల మీంచి ఒళ్ళోకి తీసుకుంది.

"ఇక వాడు తట్టినా పట్టించుకోకూడదనుకున్నాను. మిల్లు దగ్గర గట్టిగానే కొట్టాడు. వాడి భయం ఎక్కువైందనుకున్నాను."

బాజీల్ తన ఎడమ భుజం తడుముకున్నాడు.

"ఆ చెయ్యి నీదనుకున్నానమ్మా."